ఫారంలో ఎక్కని కూతురు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను రాసిందంతా ఇంగ్లీషులోనే. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఒక ఇంగ్లీషు మాట వల్ల జరిగింది. ఆ రోజు ఒక్క నిమిషం తెలుగులో ఆలోచించి ఉంటే జరిగేది కాదు.

మా పెద్దలు చెరకు తోటల్లో కూలికి ఫిజీ వచ్చిన తెలుగువాళ్ళు. నాన్న లౌటోకా చక్కెర మిల్లులో ఫిట్టరు. ఇంట్లో మాట్లాడుకునేది ఫిజీ హిందీ. నాకు తెలుగు వచ్చిందంటే మా నాయనమ్మ చలవే. ఆవిడకు వేరే భాష రాదు, నేర్చుకోనని పట్టుబట్టింది కూడా. రాజధాని సువాలో మా సాంస్కృతిక సంఘానికి ఆంధ్ర నుంచి వచ్చిన టీచరు గారు ఈ వాక్యాలను సరిదిద్దారు. విరిగినచోట అతికించారు. విషయం మాత్రం నాది.

ఈమధ్య నా పాత సీట్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి వాలేలేవులో మా ఇంటికి వచ్చింది. "ఆంటీ, ఈ పనికి రూల్స్ బుక్ ఏదైనా ఉందా?" అని అడిగింది. ఉంది, చదువుకో అన్నాను. ఆ పుస్తకంలో లేనివి ఆ పిల్లకు నోటితో చెప్పాను. మన భాష చదివేవాళ్ళలోనూ ఇలాంటి పనిలోకి అడుగుపెట్టేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ కోసం ఇది.

రెండు తలుపుల మధ్య

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను. బడిలో బన్ను, షర్బత్ ఇచ్చారు. తరవాత పదిహేనేళ్ళకు నేను ప్రభుత్వ కార్యాలయంలో చేరేసరికి తెల్ల అధికారులందరూ వెళ్ళిపోయారు కానీ వాళ్ళ ఫారాలు బీరువాల్లో అలాగే ఉన్నాయి. మేం వాటి మీదే దేశం పేరు మార్చి అచ్చేసుకుంటూ వచ్చాం.

మాది మనుషులు వెళ్ళిపోయే దేశం. సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడల్లా మన వాళ్ళు ఆక్లండ్‌కో సిడ్నీకో పెట్టెలు సర్దుకునేవారు. అలాంటి దేశానికి శరణు కోరి వచ్చేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందిలో ఎవరికైనా ఇక్కడ ఉండే అనుమతి వస్తే, వెనక మిగిలిన భార్యనూ పిల్లలనూ రప్పించే పని నాది. ఒకవైపు ప్రభుత్వం, ఇంకోవైపు వాళ్ళకు ఇల్లూ వంటసామానూ బడీ చూసే చర్చి సహాయ సంస్థ. రెండింటి మధ్యా నేను.

చెప్పడానికి ఘనంగా ఉంటుంది కానీ, పని ఎలా ఉండేదో చెబుతాను. ఇల్లు సిద్ధంగా ఉందని రుజువు చూపిస్తేనే వీసా ఇస్తామనేది మా కార్యాలయం. వీసా వచ్చి తేదీ తెలిస్తేనే ఇల్లు మాట్లాడతామనేది సంస్థ. మనుషులు దిగితేనే తాళం చెవి ఇస్తాననేవాడు ఇంటివాడు. ముగ్గురూ న్యాయమే మాట్లాడుతున్నారు. ఆ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. నేను ఎప్పుడూ ఇంటివాడి దగ్గర తెంచేదాన్ని. ఆయన ఇంటికి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, ఒక గిన్నె యంగోనా, ఇక్కడివాళ్ళ వేరు కషాయం, తాగి, నాలిక మొద్దుబారేదాకా కబుర్లు చెబితే పని అయ్యేది. ఆడమనిషిని, ప్రభుత్వ ఉద్యోగిని అలా కూర్చుంటే వాళ్ళకు కాదనడం కష్టం. ఇది రూల్స్ బుక్కులో లేదు.

ప్రభుత్వం కాగితాన్ని నమ్ముతుంది. సంస్థ మనిషిని నమ్ముతుంది. ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ఇద్దరూ "ఆ సంగతి అవతలివాళ్ళు చూసుకుంటార్లే" అనుకునే చోటు ఒకటి ఉంటుంది. మనిషి జారిపోయేది అక్కడే. నా చేతుల్లోంచి అలా ఒక ఆడపిల్ల జారిపోయింది.

సెల్వం

సెల్వం శ్రీలంక తమిళుడు. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. అక్కడి యుద్ధంలో ఊరు పోయాక భార్యాపిల్లల్ని పడవలో తమిళనాడులోని శరణార్థుల క్యాంపుకు దాటించి, తను ఒక చేపల ఓడలో పనికి కుదిరాడు. ఆ ఓడ సువా రేవుకు వచ్చినప్పుడు దిగి, తిరిగి ఎక్కలేదు. పోలీసు స్టేషన్‌కు తనే నడిచి వెళ్ళి, వెనక్కి పంపితే చచ్చిపోతానని చెప్పాడు. చాలాకాలానికి అతనికి ఇక్కడ ఉండే అనుమతి వచ్చింది. నవువాలో నది మీద తిరిగే పడవలకు మెకానిక్‌గా చేరాడు. ఊళ్ళో అతనికి మంచి పేరు. ఇంజన్ శబ్దం వింటేనే జబ్బు చెబుతాడనేవారు.

కుటుంబాన్ని రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టినప్పుడు నా ఎదురుగా కూర్చున్నాడు. ఫిజీ హిందీ కాస్త వచ్చింది కానీ, అలాంటి విషయాల్లో పొరపాటు రాకూడదని మునుసామి మాస్టర్‌ని పిలిపించాను. ఆయన రిటైరయిన స్కూలు హెడ్మాస్టరు, తమిళం బాగా తెలిసిన పెద్దమనిషి.

"భార్య పేరు?"

"మల్లిక."

"పిల్లలు?"

సెల్వం ముగ్గురి పేర్లు చెప్పాడు. తులసి, అరుళ్, కుమరన్. పుట్టిన తేదీలు అడిగితే, తులసి దగ్గర తడబడ్డాడు. మాస్టర్ తమిళంలో ఏదో అడిగి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు: "తులసి ఇతని అన్న కూతురట. అన్నా వదినా బాంబు పడి పోయారు. పాలు మానక ముందు నుంచీ ఇతనే పెంచాడు."

నా ఫారంలో 'సొంత పిల్లలు' అని ఒక గడి. 'ఇతర బంధువులు' అని ఇంకో గడి. రెండో గడి నింపిన ప్రతి దరఖాస్తూ వేరే బల్లలకు వెళ్ళి ఆరేడు నెలలు కూర్చునేది. అతనికి మేలు చేద్దామనే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"చూడు భయ్యా," అన్నాను హిందీలో, "ముందు నీ భార్యనీ ఇద్దరు మగపిల్లల్నీ రప్పిద్దాం. త్వరగా అయిపోతుంది. ఈ అమ్మాయి నీకు నీస్ అవుతుంది కదా, తనకి తరవాత విడిగా పెడదాం. ఠీక్?"

సెల్వం కాసేపు బల్ల వైపు చూశాడు. "ఠీక్ మేడమ్," అన్నాడు.

మాస్టర్ ఏదో అనబోయి ఆగాడు. నేను గడి నింపేశాను. ఇద్దరు పిల్లలు.

ఇక్కడ ఆగి ఒక మాట. ఆఫీసరు ఎదురుగా కూర్చున్న మనిషి 'సరే' అంటే అది సమ్మతి కాదు. ఆ మనిషి భయంలో ఉండొచ్చు, ఆశలో ఉండొచ్చు, ఎదురు చెబితే ఉన్నది కూడా పోతుందనే లెక్కలో ఉండొచ్చు. 'సరే' విన్నాక కలం కిందపెట్టి, "నీ మనసులో ఏముంది?" అని ఇంకోసారి అడగాలి. ఇది తెలుసుకోవడానికి నాకు పదేళ్ళ సర్వీసు సరిపోలేదు. సెల్వం కావాల్సి వచ్చాడు.

నాంది విమానాశ్రయం

అన్నీ వేగంగా అయిపోయాయి. నాకు గర్వంగా కూడా ఉంది. సంస్థ తరఫున ఈ పని చూసేది సిస్టర్ మెరెయాని. ఆవిడ స్థానిక ఫిజీ మనిషి, నన్. నవ్వితే గదంతా వినబడేది. నవువాలో రెండు గదుల ఇల్లు కుదిరింది. చర్చి ఆడవాళ్ళు దుప్పట్లు కుట్టారు. సెల్వం గోడలకు నీలం రంగు వేశాడు.

విమానం వచ్చే రోజు సిస్టర్ వ్యాన్ నడిపింది. నవువాలో సెల్వాన్ని ఎక్కించుకున్నాం. ఇస్త్రీ చొక్కా, కొత్త చెప్పులు. సింగటోకా బజారులో ఆగి సిస్టర్ ఒక పెద్ద పుచ్చకాయ కొంది, పిల్లలు దారిలో తింటారని. సెల్వం దిగలేదు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. కంగారు పడుతున్నాడనుకున్నాను.

విమానం దిగినవాళ్ళంతా బయటకు వచ్చేశారు. టూరిస్టులు, పూలదండలు, గిటార్లు. తలుపు చాలాసార్లు తెరుచుకుంది. చివరకు విమాన సిబ్బంది కూడా పెట్టెలు లాక్కుంటూ వెళ్ళిపోయారు.

నేను కౌంటరుకు పరిగెత్తి జాబితా చూపించమన్నాను. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. పక్కనే 'ఎక్కలేదు' అని.

తిరిగి వచ్చేసరికి సెల్వం బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. నేను ఏమీ చెప్పకముందే అన్నాడు:

"మల్లిక నై ఆయీ. మాలూమ్ రహా."

రాదని తెలుసట. అతని పక్కనే కూర్చున్నాను. "ఎందుకు? ఏమైంది?"

"తులసిని వదిలిపెట్టి ఎలా వస్తుంది మేడమ్? ఆ క్యాంపులో పద్నాలుగేళ్ళ పిల్లని ఒక్కదాన్నే?"

"మరి నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్పాను కదా మేడమ్. ముగ్గురని చెప్పాను. మీరు ఇద్దరని రాశారు."

అంత మెల్లగా చెప్పిన మాట నన్ను అంత గట్టిగా కొట్టడం నా జీవితంలో ఇంకెప్పుడూ జరగలేదు.

సిస్టర్ నా వైపు తిరిగింది. "పార్వతీ, ఆ పిల్ల సంగతి సెల్వం నాకు ఎప్పుడో చెప్పాడు. మీ ఆఫీసు అన్నీ చూసే నిర్ణయించిందనుకున్నాను నేను."

"ఏదైనా తేడా ఉంటే మీరు చెబుతారనుకున్నాను నేను," అన్నాను.

వ్యాన్లో తిరుగు ప్రయాణం మూడు గంటలు. పుచ్చకాయ ఎవరూ కోయలేదు. సెల్వం దిగేటప్పుడు, "మీరు తీసుకెళ్ళండి సిస్టర్, ఇంట్లో ఒక్కణ్ణి," అన్నాడు.

ఎపేలి సార్

మా పై అధికారి పేరు ఎపేలి. లావుగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఫైలు ఆయన బల్ల మీద పెడితే మూడు రోజులకు గానీ తెరిచేవాడు కాదు. నేను ఆయన్ని బద్ధకస్తుడనుకునేదాన్ని, నలుగురిలో అన్నాను కూడా. కుర్రతనంలో వేగంగా పనిచేసేవాళ్ళే తెలివైనవాళ్ళనిపిస్తుంది. నా ఫైలు మాత్రం అతివేగంగా నడిచి, తప్పుడు చోటికి చేరింది.

మర్నాడు ఉదయం ఆయన గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. సంస్థ మాకు సమాచారం ఇవ్వలేదని కూడా చేర్చాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. తరవాత అడిగాడు:

"నీకు నాన్న తరఫున పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఉన్నారు సార్. నాన్నకి అన్న ఒకరు, తమ్ముడు ఒకరు."

"మీ భాషలో వాళ్ళని ఏమంటారు?"

"పెదనాన్న, చిన్నాన్న."

"అంటే?"

"అంటే... పెద్ద నాన్న. చిన్న నాన్న."

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే నా గొంతు నాకే వింతగా వినబడింది.

ఎపేలి సార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మాకూ అంతే. తా లెవు, తా లైలై. పెద్ద నాన్న, చిన్న నాన్న. వాళ్ళ పిల్లలు మాకు అక్కలూ అన్నలూ. మీకు?"

"మాకూ అంతే సార్."

"అమ్మ అన్నని మేం మోమో అంటాం."

"మేం మామ అంటాం సార్."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా పెదనాన్న కూతురు రుక్మిణక్క నాతో ఒకే చాప మీద పడుకుని పెరిగింది. దాన్ని కజిన్ అని ఎవరైనా అంటే మా నాయనమ్మకు అర్థమయ్యేది కాదు. సెల్వాన్ని తులసి ఏమంటుందో మునుసామి మాస్టర్‌ని అప్పుడే అడిగి ఉంటే చెప్పేవాడు. చిత్తప్పా. చిన్న నాన్న. దరఖాస్తు రాసిన రోజు ఆ గదిలో కూర్చున్న ముగ్గురిలో ఎవరి ఇంటి భాషలోనూ 'నీస్' అనే మాట లేదు. అయినా ముగ్గురం కలిసి దాన్ని రాసుకున్నాం. ఆ పిల్లకు కన్న నాన్న పోయినా, పుట్టుకతోనే ఇంకో నాన్న ఉన్నాడు. ఫారంలో ఆయనకు గడి లేదు.

"ఇప్పుడేం చేద్దాం సార్?"

"కొత్త నోట్ రాయి. మొదటి వాక్యంలో తప్పు నీదని రాయి. సంస్థ పేరు ఎత్తకు."

"కానీ సార్, సిస్టర్ కూడా..."

"మొదటి వాక్యం నీది, పార్వతీ. తప్పు ఎవరిదో వెతికే కాగితం ఆరు నెలలు తిరుగుతుంది. తప్పు ఒప్పుకున్న కాగితం వారంలో కమిటీకి వస్తుంది."

రాశాను. నాలుగు సార్లు చింపి రాశాను. పదోన్నతి జాబితాలో నా పేరు ఉన్న సంవత్సరం అది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరమూ దాని గురించి మాట్లాడుకోలేదు.

నాకు నచ్చని అధికారి

కమిటీలో నలుగురు. వాళ్ళలో న్యాయశాఖ వైపు నుంచి వచ్చేవారు ప్రసాద్ గారు. సన్నగా, నిటారుగా, కళ్ళజోడు మీదుగా చూసే మనిషి. ఆయన సంతకం పడాలంటే కామా కూడా సరిగా ఉండాలి. నేను నోట్స్ రాసుకోవడానికి చివర కూర్చున్నాను.

"ఈ ఒక్కదానికి ఒప్పుకుంటే, రేపటినుంచి ప్రతివాడూ అన్న కూతురంటాడు, అక్క కొడుకంటాడు," అన్నారు ప్రసాద్ గారు. "జనన ధ్రువీకరణ పత్రం లేదు. దత్తత కాగితం లేదు. ఏ ఆధారంతో ఒప్పుకోవాలి?"

ఎపేలి సార్ చట్టంలో ఒక వాక్యం చూపించాడు. దరఖాస్తుదారు మీదే పూర్తిగా ఆధారపడినవారిని కుటుంబంగా పరిగణించవచ్చని. 'వచ్చు' అనే ఆ చిన్న ముక్క మీద అరగంట వాదన నడిచింది. నేను తులసి రాసిన ఉత్తరాలు బల్ల మీద పెట్టాను. మునుసామి మాస్టర్ తర్జుమా చేసి ఇచ్చాడు. వాటిలో ఏడుపు లేదు. అరుళ్ లెక్కల్లో తప్పుతున్నాడు, కుమరన్‌కి ముందు పళ్ళు ఊడాయి, అమ్మ మోకాలికి నూనె దొరకలేదు, చిత్తప్పా మీరు అక్కడ చేపలు తినడం మానేశారా, ఎవరు వండుతున్నారు... ఇవీ సంగతులు.

ప్రసాద్ గారు అన్నీ చదివారు. చాలాసేపు చదివారు. తరవాత అన్నారు: "భర్త చెప్పింది విన్నాం. భార్య ఏం చేసిందో చూశాం. ఈ అమ్మాయిని ఎవరైనా అడిగారా? తనకి ఇక్కడికి రావాలని ఉందో లేదో? పద్నాలుగేళ్ళు. తన చేత్తో రాసి ఇవ్వమనండి. అది వస్తే నేను సంతకం పెడతాను."

బయటకు వచ్చాక ఎపేలి సార్ దగ్గర విసుక్కున్నాను. "ఇంకో కాగితం! కావాలని అడ్డం పెడుతున్నాడాయన."

"కాదు," అన్నాడు సార్. "ఆయన అడిగింది సరైన ప్రశ్న. మనం ఎవరమూ అడగలేదు."

నిజమే. ఆ పిల్ల గురించి ఫిజీలో ఇంతమంది వాదించుకున్నాం. అక్కడ ఆ పిల్లను ఒక్కరూ అడగలేదు. నాకు నచ్చని మనిషి దగ్గర నేర్చుకున్నవి నచ్చినవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాటికంటే నాకు ఎక్కువకాలం పనికొచ్చాయి. ఆ తరవాత నా ఉద్యోగంలో ఏ పిల్ల ఫైలూ ఆ పిల్ల మాట లేకుండా కదల్లేదు.

సిస్టర్ మెరెయాని తన సంస్థ తాలూకు మనుషుల్ని క్యాంపుకు పంపించింది. అప్పటికి మేమిద్దరం మామూలయ్యాం. ప్రతి సోమవారం ఉదయం ఆవిడ వంటింట్లో టీ తాగుతూ ఒక్కో పేరూ చదువుకునేవాళ్ళం. "నాకు తెలిసింది ఇది, నీకు తెలిసింది ఏమిటి?" అని. అలా అనుకోవడం ముందే మొదలుపెట్టి ఉంటే ఆ వ్యాన్ ఖాళీగా తిరిగివచ్చేది కాదు.

తులసి జవాబు రావడానికి అయిదు వారాలు పట్టింది. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. మాస్టర్ నా బల్ల దగ్గర నిలబడే చదివి వినిపించాడు:

"నేను వస్తాను. అమ్మ చెప్పిందని కాదు, నాకే రావాలని ఉంది. కానీ విమానంలో కుమరన్‌ని నా పక్కన కూర్చోబెట్టాలి. వాడికి బస్సులోనే వాంతులవుతాయి. అమ్మకి వాసన పడదు."

మాస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ కాగితం నేనే స్వయంగా ప్రసాద్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తర్జుమా చదివి, కలం తీసి సంతకం పెట్టారు. కాగితం తిరిగి ఇస్తూ అన్నారు, "సీట్ల సంగతి విమానం వాళ్ళకి చెప్పారా?"

చెప్పలేదు. వెళ్ళి చెప్పాను.

కలిశాక

తులసితో సహా అందరి ప్రయాణ కాగితాలూ మళ్ళీ మొదటినుంచీ నడిచి, మొదటిసారి వెళ్ళి ఖాళీగా తిరిగివచ్చిన తరవాత దాదాపు ఏడాదికి మళ్ళీ అదే విమానాశ్రయానికి వెళ్ళాం. ఈసారి తలుపు తెరుచుకోగానే ముందు కనబడింది తులసి. పొడుగ్గా, బక్కగా, ఒక చేత్తో చిన్నవాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో ముడేసిన ప్లాస్టిక్ సంచి దూరంగా పెట్టుకుని వస్తోంది. ఆ సంచిలో ఏముందో అడగక్కర్లేదు. సెల్వం తాడు దాటి లోపలికి పరిగెత్తాడు. గార్డు ఆపబోయాడు. సిస్టర్ గార్డును ఆపింది.

పుస్తకాల్లో కథ ఇక్కడ అయిపోతుంది. పనిలో అవదు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఇది గట్టిగా చెప్పాలి. కలపడం సగం పనే.

కుమరన్ తండ్రిని చూసి తులసి వెనక దాక్కున్నాడు. వాడికి ఆయన గుర్తులేడు. మొదటి నెలంతా 'మామా' అనే పిలిచాడట. సెల్వం పనికి వెళ్ళేదాకా వాడు పక్క మీంచి లేచేవాడు కాదు. మల్లిక ఇన్నేళ్ళూ క్యాంపులో ఒక్కతే అన్నీ నడిపిన మనిషి. ఇక్కడ ఆయన ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా చెబుతుంటే ఒళ్ళు మండేది. ఒకరోజు సిస్టర్ నాకు ఫోన్ చేసి, "సెల్వం పడవల షెడ్డులో కూర్చున్నాడు, ఇంటికి వెళ్ళనంటున్నాడు," అంది.

వెళ్ళాను. ఒక ఇంజన్ విప్పి ముందు పెట్టుకుని ఉన్నాడు.

"ఘర్ మే హమ్ మెహమాన్ హై మేడమ్," అన్నాడు. ఇంట్లో తను చుట్టంలా ఉన్నాడట.

"నువ్వు లేని ఇల్లది, ఇన్నేళ్ళూ. దానికి అలవాటు కావద్దూ?" అన్నాను.

"వాడు నన్ను మామా అంటాడు."

నేనేం చేయగలను? నా దగ్గర దానికి ఫారం లేదు. "వాణ్ణి ఇక్కడికి తీసుకురా. ఇంజన్ చూపించు," అన్నాను. అంతే అన్నాను. అది పనిచేసిందో, రోజులే పనిచేశాయో తెలియదు. కొన్నాళ్ళకు నది ఒడ్డున ఆ ఇద్దరూ ఒకే పడవలో కూర్చుని ఉండగా చూశాను. చిన్నవాడు తాడు లాగి ఇంజన్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నాడు. సెల్వం చేతులు కట్టుకుని కూర్చున్నాడు, సాయం చేయకుండా. అతనికి ఎంత ఓపిక కావాలో అది చూస్తే తెలిసింది.

నాకు ఆ ఏడాది పదోన్నతి రాలేదు. తరవాత వచ్చింది, ఆ సంగతి ఇక్కడ అనవసరం. మా ఫారంలో గడులు మాత్రం మారాయి. 'సొంత పిల్లలు' అనే మాట తీసేసి 'మీరు పెంచుతున్న పిల్లలు' అని పెట్టించడానికి నాకూ ఎపేలి సార్‌కీ మూడేళ్ళు పట్టింది. ఆయన నెమ్మది అప్పుడు అక్కరకు వచ్చింది. ఎవరు కాదన్నా కోపం తెచ్చుకోకుండా మళ్ళీ మర్నాడు అదే కాగితం పట్టుకెళ్ళేవాడు. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన పని ఏదైనా నిలిచిందంటే ఆ ఒక్క పంక్తి. అది చాలు. నాకు దిగులేమీ లేదు.

మల్లికతో ఒక మాట

ఒకటి మాత్రం చాలాకాలం బాకీ పడింది. తప్పు నాదని ప్రభుత్వానికి రాసి ఇచ్చాను. ఆ తప్పు మోసిన మనిషికి చెప్పలేదు. వాళ్ళు వచ్చి ఆర్నెల్లయ్యాక ఒక శనివారం బస్సెక్కి నవువా వెళ్ళాను.

మల్లిక వాకిట్లో పీట మీద కూర్చుని చేపలు తోముతోంది. లోపల్నుంచి పిల్లల గోల వినబడుతోంది. అప్పటికి ఆమెకు ఫిజీ హిందీ వచ్చేసింది. నేను పక్కనే ఇంకో పీట లాక్కుని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఒక్క గుక్కలో చెప్పేశాను.

"మల్లికా, మీ ఆయన ముగ్గురు పిల్లలని చెప్పాడు. నేను ఇద్దరని రాశాను. త్వరగా అవుతుందని రాశాను. నీకు ఏడాది పోయింది నా వల్ల. నన్ను క్షమించు."

ఆమె కత్తి ఆపలేదు. చేప తిప్పి రెండో వైపు తోమింది. పొలుసులు నా చీర మీద పడ్డాయి.

"క్యాంపులో ఆఫీసర్ కూడా అదే అన్నాడు అక్కా," అంది. "విమానం ఎక్కే రోజు. ఈ పిల్లని వదిలేసి పో, తరవాత పిలిపించుకోవచ్చు అన్నాడు. నీ మొగుడి అన్న కూతురే కదా అన్నాడు. నేను టికెట్లు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను."

"భయం వేయలేదా?"

"వేసింది. ఇంక ఎప్పటికీ పిలవరేమో అని ఆ రాత్రంతా ఏడ్చాను. తులసికి తెలియకుండా ఏడవాలి కదా, అది ఇంకా కష్టం."

ఆమె చేప గిన్నెలో వేసి, ఇంకోటి అందుకుంది.

"ఆ ఆఫీసర్ మళ్ళీ రాలేదు అక్కా. తప్పు మాట అన్నానని చెప్పడానికి ఎవరూ రారు. మీరు బస్సెక్కి వచ్చారు."

చేతులు కడుక్కుని లేచి, లోపలికి కేక వేసింది: "తులసీ! ఇంకో కంచం పెట్టు."